చేతికి తగలని లింఫు గ్రంథిని ఆపరేషన్‌కు ముందే గుర్తించడం ఎలా?

స్కాన్‌లో లింఫు గ్రంథి స్పష్టంగా కనిపిస్తోంది. మెడ మీద ఎంత తడిమినా వేళ్లకు ఏమీ తగలడం లేదు. రేపు దాన్ని తీసి పరీక్షకు పంపాలి. కోత ఎక్కడ పెట్టాలి? శస్త్రచికిత్స కొత్తగా నేర్చుకుంటున్న డాక్టర్లు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. అందుకే అంతా ఒకచోట రాసి పెడుతున్నాను. ఈ పనిలో సగం భారం రేడియాలజిస్టులదే కాబట్టి వాళ్లకూ ఇందులో పనికొచ్చే సంగతులు ఉన్నాయి. అయితే ఇది చదివేసి ఒంటరిగా మొదలుపెట్టకండి. మొదట్లో అనుభవజ్ఞుల పక్కన నిలబడి చేయాల్సిన పని ఇది.

ఇక్కడ చెప్పేది మెడ, చంక, గజ్జల్లోని గ్రంథుల గురించి మాత్రమే. ఛాతీ, పొట్ట లోపలి గ్రంథుల దారి వేరు. రంగో ఐసోటోపో ఎక్కించి సెంటినెల్ గ్రంథిని, అంటే క్యాన్సర్ మొదట పాకే గ్రంథిని, వెతకడం కూడా వేరే పని. అక్కడ ఏ గ్రంథి అన్నది ముందుగా తెలియదు. ఇక్కడ ఏదో తెలుసు, అది ఎక్కడుందో కోత పెట్టేవారి చేతికి చెప్పాలి, అంతే.

ముందే ఒక మాట. ఖరీదైన పరికరం లేనందువల్ల గ్రంథి దొరకకపోవడం అరుదు. గుర్తు పెట్టినప్పుడు రోగి ఒక తీరుగా, కోసినప్పుడు మరో తీరుగా పడుకోవడం వల్ల తప్పిపోయేవే ఎక్కువ. స్కాన్ చూసినవారు ఒకరు, కత్తి పట్టినవారు మరొకరు అయి, ఇద్దరి మధ్యా ఒక కాగితం తప్ప మరేమీ లేకపోవడం రెండో కారణం. కింది మెట్లన్నీ ఈ రెండింటినీ సరిచేయడానికే.

మొదలుపెట్టే ముందు: అసలు తీయాలా?

చేతికి తగలని గ్రంథికి చాలాసార్లు కోత అవసరమే ఉండదు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ కోర్ సూదితో (కాస్త లావుపాటి బయాప్సీ సూది) తీసిన ముక్క సరిపోవచ్చు. క్యాన్సర్ పాకిందా లేదా అన్నదే ప్రశ్న అయితే సన్న సూదితో తీసిన కణాలు కూడా చాలు. థైరాయిడ్ క్యాన్సర్ తిరగబెట్టిందేమో అన్న అనుమానం ఉంటే, సూదిని కడిగిన ద్రవంలో థైరోగ్లోబులిన్ అనే థైరాయిడ్ ప్రోటీన్ కొలిస్తే చాలావరకు తేలిపోతుంది. లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్) అనుమానం బలంగా ఉన్నప్పుడు, సూది ముక్కతో తేలనప్పుడు, లేదా చికిత్సలో భాగంగానే గ్రంథిని తీసేయాల్సినప్పుడు ఆపరేషన్‌కు వెళ్లండి.

ఈమధ్య టీకా వేయించుకున్నారేమో అడగండి. కోవిడ్ టీకా తర్వాత అదే వైపు చంకలో గ్రంథులు ఉబ్బడం అందరూ చూసిందే. ఆ చేతికి పుండు, గోరుచుట్టు, పెంపుడు జంతువు గీరిన గాయం ఉన్నాయేమో చూడండి. వేరే అనుమానం ఏమీ లేకపోతే కొన్ని వారాలు ఆగి మళ్లీ స్కాన్ చేస్తే కోత తప్పిపోవచ్చు.

హెచ్చరిక: లింఫోమా అనుమానం ఉన్న రోగికి బయాప్సీ కాకముందే స్టెరాయిడ్లు మొదలుపెట్టకండి. గ్రంథి కుంచించుకుపోతుంది, పాథాలజిస్టుకు చూడటానికి ఏమీ మిగలదు. ఊపిరి అందకపోవడం లాంటి ప్రాణాపాయం ఉంటే సంగతి వేరు. అప్పుడు ముందు ప్రాణం, తర్వాతే బయాప్సీ.

కావలసినవి

- పాత స్కాన్ల బొమ్మలు. రిపోర్టు ఒక్కటే చాలదు.
- హై ఫ్రీక్వెన్సీ లీనియర్ ప్రోబ్ ఉన్న అల్ట్రాసౌండ్ యంత్రం. రక్తం పారడాన్ని చూపే డాప్లర్ ఉండాలి.
- చెరగని సర్జికల్ మార్కర్, స్కేలు, పొడి గాజుగుడ్డ.
- తిన్నగా సాగదీసిన సన్నటి లోహపు తీగ. కాగితాలకు పెట్టే క్లిప్పును విప్పినా చాలు.
- లోపలి గుర్తుకు కావలసింది: హుక్ తీగ (కొన కొక్కెంలా వంగిన సన్నటి తీగ), మిథిలిన్ బ్లూ అనే నీలి రంగు, శుద్ధిచేసిన బొగ్గు ద్రావణం, లేదా మీ దగ్గరున్న సీడ్ (గ్రంథిలో ఉంచే గింజంత గుర్తు). వీటిలో ఏదో ఒకటి.
- థియేటర్‌లోకి స్టెరైల్ ప్రోబ్ కవరు, స్టెరైల్ జెల్, సెలైన్.
- ఆపరేషన్ చేయబోయే సర్జన్. సాయంత్రం ఫోను చేసి అడిగే సర్జన్ కాదు, స్కాన్ గదిలో రోగి పక్కన నిలబడే సర్జన్.

1. బొమ్మలు మీరే తెరిచి చూడండి

ఏ గ్రంథిని తీయాలో ఈ మెట్టులోనే తేలిపోవాలి. పెట్ స్కాన్ ఉంటే ఎక్కువగా వెలిగిన గ్రంథుల్లో కోతకు సులువైనదాన్ని ఎంచుకోండి. మెడ, చంక, గజ్జ మూడు చోట్లా అనుమానపు గ్రంథులుంటే గజ్జను చివరికి ఉంచండి. కాళ్లకు తగిలే చిన్నాచితకా గాయాలకే గజ్జల్లో బిళ్లలు కడుతుంటాయి కాబట్టి అక్కడి నుంచి తీసినదానికి ఏమీ తేల్చని రిపోర్టు వచ్చే అవకాశం ఎక్కువ.

తర్వాత ఆ గ్రంథికి చుట్టుపక్కల గుర్తులు రాసుకోండి. హయాయిడ్ ఎముకకు పైనా కిందా? క్రైకాయిడ్ ఏ ఎత్తులో ఉంది? జుగులర్ సిరకు ముందా వెనకా? స్టెర్నోమాస్టాయిడ్ కండరం కిందా, దాని వెనక అంచు దాటాకా? చర్మం నుంచి కొలతలు మాత్రం సీటీ, పెట్ బొమ్మల మీద తీసుకోకండి. ఆ స్కాన్‌లో రోగి చేతులు తలపైకి ఎత్తి ఉండొచ్చు, మెడ నిటారుగా ఉండొచ్చు. చర్మం జరుగుతుంది, సిర పక్కనున్న గ్రంథి సిర పక్కనే ఉంటుంది.

2. ఆపరేషన్‌లో ఎలా పడుకోబెడతారో ఇప్పుడే అలా పడుకోబెట్టండి

ఈ వ్యాసంలో ఒక్క మెట్టే గుర్తుంటుందనుకుంటే ఇదే గుర్తుంచుకోండి.

మెడ అయితే భుజాల కింద దిండు పెట్టి, మెడ వెనక్కి చాచి, తల అవతలి వైపు తిప్పించండి. తల ఎంత తిప్పుతారో సర్జన్ తన చేత్తో తిప్పి చూపించాలి. స్టెర్నోమాస్టాయిడ్ మీది చర్మం ఎంత వదులుగా ఉంటుందంటే, తల నిటారుగా ఉన్నప్పుడు పెట్టిన చుక్క, తల తిప్పగానే ఒక సెంటీమీటరు పక్కకు పోయి కూర్చుంటుంది. 9 మిల్లీమీటర్ల గ్రంథి విషయంలో అదే గురి తప్పించడానికి చాలు.

చంక అయితే చేతిని థియేటర్ బల్ల మీద చాచినంతే చాచండి. సాధారణంగా అది 90 డిగ్రీలు. స్కాన్ గదుల్లో అలవాటుగా చేతిని తల వెనక్కి మడిపిస్తారు. స్కాన్‌కు అది బాగుంటుంది, గుర్తుకు పనికిరాదు. లావుపాటి మనుషుల్లో చంక కొవ్వు ఏ పక్కకు జారితే గ్రంథి కూడా ఆ పక్కకే పోతుంది.

గజ్జ అయితే కాలు కాస్త బయటికి తిప్పి, మోకాలు ఎంత మడిచారో రాసి పెట్టుకోండి.

3. ముందు ఆ ప్రాంతమంతా చూడండి, తర్వాతే ఆ గ్రంథిని

నేరుగా రిపోర్టులో చెప్పిన చోటికి వెళ్లకండి. ఆ వైపంతా, వీలైతే రెండో వైపు కూడా ఒకసారి ప్రోబ్ నడపండి. ఒకేచోట మూడు గ్రంథులు వరసగా ఉండి, అసలైనదాన్ని వదిలి పక్కదానికి గుర్తు పెట్టడం మామూలుగా జరిగే తప్పే.

మంచి గ్రంథి కోడిగుడ్డులా కోలగా ఉండి, మధ్యలో తెల్లగా మెరిసే హైలమ్‌తో (రక్తనాళాలు లోపలికి వచ్చే చోటు) కనిపిస్తుంది. డాప్లర్ పెడితే రక్తం ఆ మధ్య భాగం నుంచే లోపలికి పారుతుంది. అనుమానించాల్సినవి ఇవి: గుండ్రంగా మారడం, హైలమ్ కనిపించకపోవడం, అంచు ఒకవైపే ఉబ్బడం, రక్తనాళాలు బయటి అంచు నుంచి లోపలికి దూరడం, లోపల నీటి సంచులో సున్నపు చుక్కలో ఉండటం. చంకలో అంచు మందం 3 మి.మీ. దాటితే అనుమానంగా చూస్తారు. దవడ మూల కింద ఉండే గ్రంథి మాత్రం మామూలుగానే మిగతావాటికన్నా పెద్దగా ఉంటుంది. పొడవు చూసి కంగారు పడకండి.

4. అది గ్రంథేనని నిర్ధారించుకోండి

ఈ మెట్టు దాటేసినవారికి థియేటర్‌లో చెమటలు పడతాయి. గ్రంథిలా కనిపించి మోసం చేసేవి చాలా ఉన్నాయి.

రక్తనాళం కావచ్చు. డాప్లర్ పెట్టండి, ప్రోబ్‌తో నొక్కండి. సిర అయితే అణిగిపోతుంది, మెడలోనైతే ముక్కు మూసుకుని ఊపిరి బిగబట్టమంటే ఉబ్బుతుంది. కరోటిడ్ చీలిక దగ్గర రెండు ధమనులనూ ఎడంగా నెట్టే, రక్తం విపరీతంగా పారే గడ్డ కనిపిస్తే సూది గుచ్చకండి. అది కరోటిడ్ బాడీ గడ్డ కావచ్చు.

నాడి మీద లేచిన గడ్డ కావచ్చు. ప్రోబ్‌ను నెమ్మదిగా పైకీ కిందికీ నడిపితే రెండు కొసల నుంచి సన్నటి తోకలా నాడి బయటికి వస్తూ కనిపిస్తుంది. సూది మొన తగలగానే చేతిలోకి షాకు కొట్టినట్టు ఉందని రోగి అంటే అక్కడితో ఆపండి.

లాలాజల గ్రంథి కొస, మెడ వెన్నుపూస పక్క ఎముక, గజ్జలో హెర్నియా, పాత ఆపరేషన్ దారం చుట్టూ కట్టిన గడ్డ కూడా ఈ జాబితాలోవే. ప్రతి గ్రంథినీ అడ్డంగా, నిలువుగా రెండు తలాల్లోనూ చూడండి. రెండింటిలోనూ గుండ్రంగానో కోలగానో ఉంటేనే అది గడ్డ. ఒకదాంట్లో గొట్టంలా సాగితే నాళమో నాడో కండరమో.

5. చర్మం మీద గుర్తు

గ్రంథిని తెర మధ్యకు తెచ్చుకోండి. ప్రోబ్‌కూ చర్మానికీ మధ్య లోహపు తీగను దూర్చి మెల్లగా జరపండి. తెర మీద తీగ కింద నల్లటి నీడ నిలువుగీతలా పడుతుంది. ఆ నీడ సరిగ్గా గ్రంథి నడుమ నుంచి పోయినప్పుడు ఆగి, తీగ వెంబడే చర్మం మీద గీత గీయండి. ప్రోబ్‌ను 90 డిగ్రీలు తిప్పి ఇంకో గీత. రెండు గీతలు కలిసే చోట గ్రంథి ఉంటుంది. ప్రోబ్ మధ్యభాగాన్ని కంటితో అంచనా వేసి చుక్క పెట్టడం కంటే ఇది ఎంతో నమ్మకమైన పద్ధతి.

జెల్ మీద మార్కర్ పడదు. తుడిచి, చర్మం ఆరాక గట్టిగా దిద్దండి. మందు ద్రవాలతో శుభ్రం చేసినప్పుడు గీతలు చెరిగిపోవడం కొత్తేమీ కాదు. థియేటర్‌లో శుభ్రం చేసేవారికి ముందే చెప్పండి, ఆ చోట రుద్దకుండా అద్దమనండి.

ఇప్పుడు లోతు. ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి.

ఒకటి, ప్రోబ్‌ను గట్టిగా నొక్కి కొలవడం. కొవ్వు అణిగి 2 సెంటీమీటర్ల లోతు 1.2గా కనిపిస్తుంది. సర్జన్ 1.2 దగ్గర ఆగి వెతుకుతారు, అక్కడ ఏమీ ఉండదు. చర్మం మీద జెల్ పొర మందంగా తేలుతూ కనిపించేంత తేలిగ్గా ప్రోబ్ ఆనించి, జెల్‌ను వదిలేసి చర్మం నుంచి కొలవండి.

రెండోది, ప్రోబ్‌ను వాల్చి చూడటం. చంకలో ఇది దాదాపు అందరూ చేసేదే. వాలుగా చూస్తే గ్రంథి బాగా కనిపిస్తుంది, గుర్తు మాత్రం రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. సర్జన్ ఏ దిశలో లోపలికి వెళ్తారో ప్రోబ్ కూడా అదే దిశలో నిలబడాలి. గ్రంథి ఆ దిశలో కనిపించకపోతే వాలుగా గుర్తు పెట్టి సరిపెట్టుకోకండి. కోత దారి మార్చుకోవాలని సర్జన్‌కు అక్కడే చెప్పండి.

గుర్తు పెట్టిన చోటే కోయాలని లేదు. కోత చర్మం ముడత వెంబడి, రేపు పెద్ద ఆపరేషన్ అవసరమైతే అందులో కలిసిపోయేలా ఉండాలి. దవడ కిందైతే ముఖనాడి కొమ్మను కాపాడుకోవడానికి ఎముక అంచుకు సుమారు 2 సెం.మీ. దిగువన పెడతారు.

6. లోపలి గుర్తు: మీకు ఏది కుదిరితే అది

గ్రంథి పైపైనే ఉండి, మీరే థియేటర్‌లో అల్ట్రాసౌండ్ పెట్టుకోగలిగితే ఈ మెట్టు వదిలేయొచ్చు. నా మటుకు నాకు మెడలో అదే నచ్చుతుంది. లోతుగా ఉంటే, పాత ఆపరేషన్ మచ్చ ఉంటే, చుట్టూ కొవ్వు ఎక్కువగా ఉంటే లోపల కూడా గుర్తు పెట్టండి. రక్తం పలచబరిచే మందులు వాడుతున్నారేమో ఒక రోజు ముందే అడిగి ఉంచండి.

హుక్ తీగ: చంకకు, గజ్జకు బాగా పనిచేస్తుంది. సూదిని ప్రోబ్ వెంబడి పొడవునా కనిపించేలా పక్క నుంచి పంపి, మొన గ్రంథిలోకి చేరాక తీగ విడవండి. వెనకనున్న సిర వైపు మొన పోకుండా చూసుకోండి. బయట మిగిలిన తీగను చుట్టగా చుట్టి అతికించండి, గుంజి కట్టకండి. ఆ తర్వాత చెయ్యి కదిలితే తీగ కూడా జరుగుతుంది, కాబట్టి ఆపరేషన్ అదే రోజు కావాలి. రోగిని నడిపించకుండా స్ట్రెచర్ మీదే తీసుకెళ్లండి. ఆపరేషన్‌లో డయాథర్మీ (కరెంటుతో కోసే పరికరం) మొన తీగకు తగిలితే తీగ తెగిపోవచ్చు. మెడలో పెద్ద రక్తనాళాల పక్కన తీగ పెట్టడం నేను సలహా ఇవ్వను.

మిథిలిన్ బ్లూ: చవక, సులువు. 0.1 నుంచి 0.2 మి.లీ. చాలు. ఎక్కువ పోస్తే ఆ చోటంతా నీలమై, వెతికేది ఏదో కూడా తెలియదు. గ్రంథి అంచులోకి ఇచ్చి, ఆలస్యం చేయకుండా కోత పెట్టండి. నిన్న సాయంత్రం ఇచ్చిన రంగు ఈ ఉదయానికి ఎటో పాకిపోయి ఉంటుంది. చర్మంలోకి ఇస్తే చర్మం పుండుపడొచ్చు. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉన్నవారికి ఇవ్వకండి. డిప్రెషన్‌కు సెరటోనిన్ పెంచే మందులు వాడేవారికి కూడా వద్దు. పల్స్ ఆక్సీమీటర్ కాసేపు ఆక్సిజన్‌ను తక్కువ చేసి చూపవచ్చని మత్తు డాక్టరుకు ముందే చెప్పండి.

బొగ్గు ద్రావణం: మరకలా నిలిచిపోతుంది, పాకదు. వారాల తర్వాత కూడా కనిపిస్తుంది కాబట్టి ఆపరేషన్ తేదీ ఖాయం కానప్పుడు మంచిది. సూదిని వెనక్కి తీస్తున్నప్పుడు చర్మం దగ్గర ద్రావణం వదలకండి, నల్లమచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది. పాథాలజీ కాగితంలో బొగ్గు వాడినట్టు రాయడం మరవకండి.

సీడ్లు: రేడియో ధార్మిక అయోడిన్-125, అయస్కాంతపు సీడ్, రాడార్ తరంగాలను తిప్పికొట్టే రిఫ్లెక్టర్, రేడియో ట్యాగ్. రోజుల ముందే పెట్టుకోవచ్చు, బయట తీగ వేలాడదు. అయోడిన్-125 అర్ధాయువు 60 రోజులకు కాస్త తక్కువ. దాన్ని వాడటానికి అనుమతులు కావాలి, తీసిన సీడ్‌కు లెక్క అప్పజెప్పాలి. అయస్కాంతపు సీడ్ ఉంటే తర్వాత తీసే ఎంఆర్‌ఐలో ఆ చోట నల్లగా ఖాళీ కనిపిస్తుంది. పైగా మామూలు ఇనుప పరికరాలు దాని యంత్రాన్ని గందరగోళపెడతాయి. ఏ సీడ్ అయినా దాని యంత్రం ఎంత లోతు వరకు పసిగట్టగలదో పెట్టకముందే చూసుకోండి.

7. రాసి పెట్టండి, బొమ్మ గీయండి

ఏ వైపు, చర్మం నుంచి లోతు ఎంత, గ్రంథి కొలతలు, అతి దగ్గరి రక్తనాళం ఏ పక్కన ఎంత దూరం, పడుకున్న తీరు, పెట్టిన గుర్తు, పెట్టిన సమయం. చేత్తో గీసిన చిన్న బొమ్మ పేజీ రిపోర్టు కంటే మేలు. ఆ భంగిమను ఫోటో తీస్తే ఇంకా మంచిది. దానికి రోగి అనుమతి తీసుకోండి.

8. థియేటర్‌లో, కోతకు ముందు మళ్లీ చూడండి

రోగికి మత్తు ఇచ్చి, తల తిప్పాక ప్రోబ్ పెట్టి గుర్తు కింద గ్రంథి ఉందో లేదో చూడండి. రెండు నిమిషాల పని. జరిగి ఉంటే కొత్త గుర్తు పెట్టుకోండి.

ఆ చోటే మొద్దుబరిచే మందు ఇచ్చి చేస్తుంటే, మందు ఇవ్వకముందే ఈ పని ముగించండి. పది మి.లీ. మందు చేరితే కొవ్వు ఉబ్బి లోతు మారిపోతుంది. సిరంజిలో గాలి బుడగ ఒక్కటి పోయినా తెర తెల్లబడి కింద ఏదీ కనిపించదు.

కోత పెట్టాక దారి తప్పామనిపిస్తే గాయంలో స్టెరైల్ సెలైన్ నింపి, కవరు తొడిగిన ప్రోబ్‌ను అందులో ముంచి చూడండి. బుడగలు పోయేవరకు ఒక్క క్షణం ఆగండి. మూసిన ఫోర్సెప్స్ మొనను అనుమానమున్న చోట ఆనించి స్కాన్ చేస్తే, మొనకూ గ్రంథికీ మధ్య ఎంత దూరమో, ఎటు వెళ్లాలో కళ్లముందే తెలుస్తుంది.

హెచ్చరిక: మెడ వెనక త్రికోణంలో స్పైనల్ యాక్సెసరీ నాడి చర్మానికి చాలా దగ్గరగా పోతుంది. చిన్న గ్రంథే కదా అని కోసి ఆ నాడిని తెంచిన సందర్భాలు వైద్యశాస్త్రంలో కోకొల్లలు. తర్వాత రోగి భుజం వాలిపోతుంది, చెయ్యి పైకెత్తలేరు. ఇక్కడ గుడ్డిగా తవ్వకండి. ఎడమ కాలర్ ఎముక పైన థొరాసిక్ డక్ట్, అంటే లింఫు ద్రవాన్ని రక్తంలోకి చేర్చే గొట్టం, ఉంటుంది. పాలలాంటి ద్రవం ఊరుతుంటే కట్టేశాకే గాయం మూయండి.

9. తీసింది అదేనా?

చేతిలోకి ఏదో గడ్డ రాగానే కుట్లు వేయడం మొదలుపెట్టకండి. తీసినదాన్ని సెలైన్ గిన్నెలో వేసి ప్రోబ్‌తో చూడండి. స్కాన్ గదిలో చూసిన ఆకారం, కొలత, ఆ ఉబ్బిన అంచు ఇందులో ఉన్నాయా? గ్రంథిలో ముందే గుర్తుగా పెట్టిన లోహపు క్లిప్పో సీడో ఉంటే ముక్కకు ఎక్స్‌రే తీయించండి. తర్వాత గాయంలో ఇంకోసారి ప్రోబ్ పెట్టండి. గ్రంథి అక్కడే కనిపిస్తుంటే మీరు తీసింది పక్కదాన్ని. కొవ్వు ముద్దను గ్రంథి అనుకోవడమూ ఉంది. గ్రంథి సెలైన్‌లో సాధారణంగా మునుగుతుంది, కొవ్వు తేలుతుంది. కానీ కొవ్వు అంటుకున్న గ్రంథి కూడా తేలగలదు కాబట్టి దీన్ని తుది పరీక్షగా తీసుకోకండి.

గ్రంథిని పళ్ల ఫోర్సెప్స్‌తో నలపకండి. దాని చుట్టూ కొవ్వును పట్టుకుని లాగండి.

ఇంత కష్టపడి తీసి ఫార్మలిన్‌లో పడేయడం దగ్గరే చాలా కేసులు చెడిపోతాయి. లింఫోమా అనుమానం ఉంటే సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డలో తాజాగా, వెంటనే ల్యాబ్‌కు పంపండి. కణాల రకాన్ని తేల్చే ఫ్లో సైటోమెట్రీ పరీక్షకు బతికున్న కణాలు కావాలి. క్షయ అనుమానం ఉంటే ఒక ముక్కను ఫార్మలిన్ తగలని స్టెరైల్ డబ్బాలో కల్చర్‌కు, జన్యు పరీక్షకు పంపాలి. ల్యాబ్‌కు ముందు రోజే ఫోను చేసి ఏది ఎలా కావాలో కనుక్కోండి.

కీమోథెరపీ తర్వాత ఆపరేషన్ అయితే

రొమ్ము క్యాన్సర్‌లో చంక గ్రంథికి పాకినట్టు సూదిపరీక్షలో తేలి, ముందు కీమో ఇస్తుంటే, ఆ గ్రంథికి కీమోకు ముందే క్లిప్పు పెట్టించండి. కీమో బాగా పనిచేస్తే గ్రంథి మామూలు ఆకారానికి వచ్చేస్తుంది, తర్వాత మిగతావాటిలో దాన్ని పోల్చుకోలేం. సెంటినెల్ గ్రంథులు తీస్తే అదీ వచ్చేస్తుందిలే అనుకోవడం పొరపాటు. అమెరికాలోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ 2016లో ప్రచురించిన ఫలితాల్లో 134 మందిలో 31 మందికి, అంటే 23 శాతం మందికి, క్లిప్పు పెట్టిన గ్రంథి సెంటినెల్ గ్రంథుల్లో లేదు. దాన్ని కూడా వెతికి తీసి చూసినప్పుడు, వ్యాధి మిగిలి ఉన్నా లేదని పొరబడటం 10.1 శాతం నుంచి 1.4 శాతానికి తగ్గింది.

క్లిప్పు ఎక్స్‌రేలో బాగా కనిపిస్తుంది, అల్ట్రాసౌండ్‌లో నెలల తర్వాత కనిపించడం కష్టం. అల్ట్రాసౌండ్‌లో కనిపించేలా తయారైన క్లిప్పును అడిగి తీసుకోండి. పెట్టిన రోజే దాని బొమ్మను పక్కనున్న రక్తనాళంతో కలిపి దాచుకోండి. ఆపరేషన్‌కు కొద్ది రోజుల ముందు మళ్లీ స్కాన్ చేసి, దొరికితే తీగో సీడో పెట్టండి.

గ్రంథి దొరక్కపోతే

కోతను పెద్దది చేసుకుంటూ పోవడం ఆఖరి మార్గం. ముందు రోగి తల, చెయ్యి స్కాన్ అప్పటిలాగే ఉన్నాయా చూడండి. గాయాన్ని తెరిచి పట్టే రిట్రాక్టర్లు తీసేయండి. అవి గ్రంథిని పక్కకు లాగి తమ వెనకే దాచిపెడతాయి. సెలైన్ నింపి ప్రోబ్ పెట్టండి. రేడియాలజిస్టును పిలిపించండి, వీలు కాకపోతే తెర ఫోటో పంపించి అడగండి. అప్పటికీ దొరకకపోతే, ముఖ్యమైన నాడి పక్కన ఉన్నారనుకుంటే, గాయం మూసేసి మరో రోజు మళ్లీ గుర్తు పెట్టించడమే మేలు. అలా కావచ్చని రోగికి ముందే చెప్పి, సమ్మతి పత్రంలో రాయించి ఉండాలి.

రిపోర్టు వచ్చాక

రిపోర్టును స్కాన్ బొమ్మల పక్కన పెట్టి చదవండి. రెండూ ఒకే కథ చెప్పాలి. పెట్‌లో బాగా వెలిగిన, హైలమ్ లేని గ్రంథిని తీస్తే ‘మామూలు వాపు’ అని వచ్చిందంటే ఊరట చెందడానికి తొందరపడకండి. పాథాలజిస్టు రాసిన కొలత చూడండి. స్కాన్‌లో 14 మి.మీ. ఉన్నది రిపోర్టులో 6 మి.మీ. అని ఉంటే తీసింది వేరే గ్రంథి కావచ్చు. వాపు తగ్గాక ఆ చోట మళ్లీ అల్ట్రాసౌండ్ చేయించండి. అసలుది ఇంకా అక్కడే ఉంటే రోగికి ఆ సంగతి దాచకుండా చెప్పి, మొదటి మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టండి.